జట్టు వెంట ఆరు దినములు



ఏ ప్రేక్షకుడూ ఒక్క చోట నిలబడి ఆద్యంతం చూడజాలని క్రీడ ఒకటి ఉన్నది. దాని రంగస్థలం కొండలు, అడవులు, వాగులు, బీడు భూములు. దాని గడువు ఆరు దినాలు. ఉదయాన బయలుదేరిన మోటారు సైకిళ్ళు రోజుకు సుమారు 200 కిలోమీటర్ల దారి పట్టి, ఏడెనిమిది గంటల పాటు కనుమరుగై, సాయంకాలానికి దుమ్ములోనో బురదలోనో మునిగి తేలినట్లు తిరిగివస్తాయి. మరునాడు మళ్ళీ అదే ప్రయాణం. ఆరవ నాటికి వెయ్యి కిలోమీటర్లు దాటుతాయి.

ఈ పోటీని ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ఎండ్యూరో అంటారు. 1913లో ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో సిక్స్ డేస్ ట్రయల్ అనే పేరుతో ఇది పుట్టినది. ప్రపంచ యుద్ధాల కాలంలో ఆగినది, మళ్ళీ లేచినది, 1981 నుంచి ఇప్పటి పేరుతో సాగుతున్నది. ఇది వ్యక్తుల పోటీ మాత్రమే కాదు. దేశానికొక జట్టు వస్తుంది. ఆ జట్టుకొక జెండా ఉంటుంది. గెలిచిన దేశానికి వరల్డ్ ట్రోఫీ దక్కుతుంది.

కంటికి ఆనని ఈ పోటీలో తనకు ప్రియమైన జట్టును మానవుడు అనుసరించుట యెట్లు? ఈ పూట మీతో మాటలాడదలచినది ఆ ఒక్క విషయమే. నా సమాధానం కూడా ఒక్కటే. అందరికంటె ముందున్న వాడిని చూడకండి. గడియారాన్ని చూడండి, జట్టులో అందరికంటె వెనుకనున్న వాడిని చూడండి. మళ్ళీ చెబుతున్నాను: గడియారం, వెనుకనున్న వాడు. ఈ రెండూ పట్టుకున్నవారికి ఆరు దినాల కథ అరచేతిలో ఉసిరికాయ వలె తేటపడుతుంది.

మొదట గడియారం సంగతి విన్నవిస్తాను.

ఈ పోటీలో అందరూ ఒక్కమారుగా బయలుదేరరు. నిమిషానికి ముగ్గురు నలుగురు చొప్పున, ముందుగా నిర్ణయించిన క్షణానికి, ఒక్కొక్క వరుస కదులుతుంది. ఎవరి నిమిషం వారిది. తన నిమిషం వచ్చిన తరువాతనే ఇంజను మీట తాకవలె. ఆ నిమిషం లోపల బండి ప్రాణం పోసుకొని గీత దాటవలె. దారి పొడుగునా తనిఖీ కేంద్రాలు ఉంటాయి. వాటిని టైమ్ చెక్ అంటారు. ఏ కేంద్రానికి ఏ నిమిషానికి చేరవలెనో రైడరు చీటీ మీద ముందే వ్రాసి ఉంటుంది. నిమిషం ఆలస్యమైతే నిమిషానికి సరిపడా దండన. తొందరపడి ముందు చేరినా దండనే. మరీ ఆలస్యమైతే పోటీ నుంచే తొలగింపు. ఈ ప్రయాణం మధ్యలో అక్కడక్కడ పట్టీలు కట్టిన మైదానంలోనో, అడవి బాటలోనో, స్పెషల్ టెస్టులు ఉంటాయి. అక్కడ మాత్రం ఎంత వేగంగా పోగలిగితే అంత లాభం. అక్కడ గడిచిన కాలాన్ని క్షణాంశాలతో సహా కొలిచి, ఆరు దినాలు కూడి, తక్కువ కాలం ఎవరిదైతే వారిని విజేతగా నిర్ణయిస్తారు.

కనుక రెండు గడియారాలున్నవన్నమాట. ఒకటి వేగాన్ని కొలిచేది, ఒకటి క్రమాన్ని కొలిచేది. వేగం కొలిచే గడియారమే లోకానికి కనబడుతుంది, పత్రికలకు ఎక్కుతుంది. కాని జట్టులు కూలిపోయేది చాలమారులు రెండవ గడియారం దగ్గరనే. టెస్టులో నాలుగు క్షణాలు సంపాదించిన వాడు, గొలుసు తెగి తనిఖీ కేంద్రానికి నాలుగు నిమిషాలు ఆలస్యమైతే, ఆ దినం సంపాదన అంతా పోయి అప్పు కూడా మిగులుతుంది.

ఆ స్పెషల్ టెస్టులను ముందుగా మోటారు సైకిలు మీద అభ్యసించడానికి అనుమతి లేదు. నడిచి చూడవచ్చు. అందుచేత పోటీకి ముందరి దినాలలో అక్కడికి వెళ్ళినవారికి కనిపించే దృశ్యం ఏమిటంటే, ప్రపంచంలో వేగానికి పేరుపడ్డ యువకులూ, యువతులూ, నీళ్ళ సీసా చేత పట్టుకొని, కిలోమీటర్ల కొద్దీ కాలినడకను తిరుగుతూ, ఏ మలుపులో మట్టి మెత్తగా ఉన్నదో, ఏ వేరు తడిస్తే జారుతుందో, ఏ రాయి మొదటి వందమంది పోయిన తరువాత బయటపడుతుందో మనస్సులో వ్రాసుకొనడం. వేగం కోసం ఇంత మెల్లగా నడిచే క్రీడ మరొకటి నేనెరుగను.

ఇక ఈ పోటీకి ప్రాణమని నేను భావించే నియమం ఒకటున్నది. బండిని బాగుచేయవలసినది రైడరే. మరొకరి చెయ్యి పడరాదు.

ఉదయం బయలుదేరే ముందు పది నిమిషాలు, సాయంకాలం చేరిన తరువాత పదిహేను నిమిషాలు, పని చేసుకొనడానికి గడువు ఇస్తారు. దారిలోని కేంద్రాల దగ్గర మిగిలిన నిమిషాలు ఏవైనా ఉంటే అవి కూడా. అంతే. రాత్రి పూట బండ్లన్నీ కంచె వేసిన ఆవరణలో, కాపలాలో ఉంటాయి. దానిని పార్క్ ఫెర్మే అంటారు. యజమాని కూడా అక్కడ తన బండి మీద చెయ్యి వేయరాదు. చట్రానికీ, ఇంజను పెట్టెకూ, చక్రాల నడిమి కుంభాలకూ పోటీకి ముందే రంగుతో ముద్ర వేస్తారు. ముద్ర పడిన భాగాన్ని మార్చడానికి వీలులేదు. సహాయకులు అన్నం పెట్టవచ్చు, నీళ్ళివ్వవచ్చు, నియమించిన చోట పెట్రోలు పోయవచ్చు, పానాలు అందించవచ్చు, సలహా చెప్పవచ్చు. పానా తిప్పవలసిన చెయ్యి మాత్రం రైడరుదే.

ఆ పదిహేను నిమిషాలు ఒక్కమారు దగ్గరగా చూద్దాము.

సాయంకాలం. రైడరు తనిఖీ గీత దాటి, దుమ్ము కొట్టిన కళ్ళద్దాలు తీసి పక్కకు విసిరి, బండిని స్టాండు మీదికి ఎత్తుతాడు. నేల మీద పరచిన గుడ్డ మీద టైరు లీవర్లు, పానాలు, కొత్త టైరు, నూనె పట్టించిన కొత్త ఎయిర్ ఫిల్టరు ఆ క్రమంలోనే పేర్చి ఉంటాయి. క్రమం మారితే చెయ్యి తడబడుతుంది. ఇరుసు మర వదులు చేసి, ఇరుసు లాగి, గొలుసు తప్పించి, వెనుక చక్రం బయటికి తీస్తాడు. చక్రాన్ని పీపా వంటి ఎత్తు మీద పెట్టి, టైరు అంచును మోకాలితో అదిమి, మొదటి లీవరు దూర్చి వంచి, దానిని అక్కడే నిలిపి రెండవది, ఆ పైన మూడవది. అంచు లేస్తుంది. లోపల గాలి గొట్టం ఉండదు. దాని స్థానంలో మూస్ అనే నురుగు రబ్బరు వలయం ఉంటుంది. అది పంక్చరు కాదు, కాని ఎక్కించడం మహా కష్టం. జిగట లేపనం పూసిన కొత్త వలయాన్ని కొత్త టైరులోనికి చొప్పించి, అంతా కలిపి రిమ్ము మీదికి అదిమి, చివరి జానెడు అంచును శరీరభారమంతా వేసి లోపలికి నెట్టవలె. పగలంతా హ్యాండిలు పట్టి బొబ్బలెక్కిన అరచేతులతో చెయ్యవలసిన పని ఇది. పక్కన నిలబడిన సహాయకుడు నిమిషాలు కేకవేసి చెబుతుంటాడు. ఆరితేరినవాడు వెనుక చక్రం పనిని ఐదారు నిమిషాలలో ముగించి, ముందు చక్రమో, బ్రేకు పట్టీలో చూసుకొంటాడు. గడువు ముగియక మునుపే బండిని తోసుకొంటూ పార్క్ ఫెర్మేలోనికి చేర్చివేయవలె.

ఆ సహాయకుని స్థితి ఆలోచించండి. అతడికి పని తెలుసు. తన చేత్తో అయితే ఒక్క క్షణంలో సర్దగల అంచు ఎదుట మొరాయిస్తుంటే, చేతులు వెనక్కు కట్టుకొని నిలబడవలె. చాల దేశాల జట్ల వెంట ఇట్టివారు ఎందరో వస్తారు. రైడర్ల తల్లిదండ్రులు, భార్యలు, భర్తలు, పాత రైడర్లు, తమ సొంత సెలవులు వెచ్చించి వచ్చిన అభిమానులు. జట్టును అనుసరించడమంటే వీరి వద్ద నేర్చుకోవలసినదే. నిమిషం చెప్పడం, నీళ్ళందించడం, నోరు మంచిగా ఉంచడం, చెయ్యి పెట్టకుండా ఉండడం. ప్రేమించినవారి భారాన్ని మనం మోయలేని సందర్భంలో వారి పక్కన నిలబడడం కూడా ఒక సేవయే అని నా దృఢ విశ్వాసం.

ఇక రెండవ మాట: వెనుకనున్న వాడు.

మన కృష్ణా గోదావరి మండలాల్లో నాట్ల కాలం వచ్చినప్పుడు ఆడవాళ్ళు ముఠాలుగా వచ్చి పొలాన్ని గుత్తకు పట్టుకోవడం మీలో చాలమందికి ఎరుకే. నలుగురూ వరుసగా నిలిచి నాటుతారు. ఒకామె చెయ్యి మెరుపులా ఆడుతుంది. ఆమె తన పట్టీ ముగించి గట్టెక్కుతుంది. ఐతే ఏమి? ఆ చివర ఒకామె పట్టీ సగంలో ఉన్నంతవరకు పొలం పూర్తికాదు. పొలం పూర్తికానిదే గుత్త డబ్బు చేతికి రాదు. తెలిసిన మేస్త్రి చూపు గట్టెక్కిన ఆమె మీద ఉండదు, వెనుకబడ్డ ఆమె మీదనే ఉంటుంది.

సిక్స్ డేస్‌లో జట్టు లెక్క సరిగా ఇటువంటిదే. జట్టులోనివారి కాలాలను కూడి జట్టు ఫలితం కడతారు. వరల్డ్ ట్రోఫీ జట్టులో మునుపు ఆరుగురు ఉండేవారు. 2016 నుంచి నలుగురు. ఇరవై మూడేండ్ల లోపువారి జూనియర్ జట్టుకు ముగ్గురు, మహిళల జట్టుకు ముగ్గురు. మనుషులు తగ్గినకొద్దీ ఒక్కొక్కరి మీద భారం పెరుగుతుంది. ఒకరు కాలు విరిగి ఆగిపోతే, తక్కినవారు ఎంత వేగంగా పోయినా ఆ లోటు పూడడం దుర్లభం. అందుచేతనే మళ్ళీ అంటున్నాను, ముందున్న వాడిని చూసి మురిసిపోకండి. వెనుకనున్న వాడు కేంద్రానికి వచ్చాడా, ఏ నిమిషానికి వచ్చాడు, ఆ సంగతి అడగండి.

ఇందుకు ఉదాహరణగా ఒక జట్టు చరిత్ర చెబుతాను. అది అమెరికా జట్టు.

1964 సెప్టెంబరులో ఈ పోటీ తూర్పు జర్మనీలోని ఎర్ఫుర్ట్ నగరంలో జరిగినది. బెర్లిన్ గోడ లేచి అప్పటికి మూడేండ్లు. ఆ గోడకు ఆవలి వైపున, ఆ దేశపు నేల మీద, అమెరికా మొదటిసారి పూర్తి జట్టును దింపినది. బడ్ ఎకిన్స్, ఆయన తమ్ముడు డేవ్ ఎకిన్స్, క్లిఫ్ కోల్‌మన్, నాలుగవవాడు సినిమా నటుడు స్టీవ్ మెక్వీన్. అంతకు ముందరి సంవత్సరమే విడుదలైన ‘ది గ్రేట్ ఎస్కేప్’ చిత్రంలో ముళ్ళకంచె మీదుగా మోటారు సైకిలు ఎగిరే దృశ్యం జగత్ప్రసిద్ధం. తెర మీద వీరుడు మెక్వీన్ అయినా ఆ దూకుడు దూకినవాడు బడ్ ఎకిన్స్. ప్రారంభోత్సవంలో జెండా పట్టి నడిచినవాడు మెక్వీన్. వారి బండ్లు ఇంగ్లండులో తయారైన ట్రయంఫులు. ఆ రోజులలో ట్రోఫీ జట్టు తన దేశంలో చేసిన బండ్ల మీదనే పోటీ చేయవలెననే నియమం ఉండేది. పరదేశపు బండ్ల మీద వచ్చినవారికి 1924 నుంచి సిల్వర్ వేస్ అనే వేరొక బహుమానం ఉన్నది. అమెరికావారు దానికే పోటీపడినారు.

మూడవ నాటికి బడ్ ఎకిన్స్ కాలు విరిగినది. మెక్వీన్ కూడా పడి, బండి పనికిరాకుండా పోయి విరమించినాడు. జట్టు ఆశ అక్కడితో సరి. ఐనా డేవ్ ఎకిన్స్, క్లిఫ్ కోల్‌మన్ తుదిదాకా పోయి చెరొక బంగారు పతకం సంపాదించినారు. పత్రికలు నటుని గురించి వ్రాసినవి. నాకు మాత్రం, జట్టుకిక ఫలితం లేదని తెలిసిన తరువాత కూడా మూడు దినాలు గడియారం తప్పకుండా నడిపిన ఆ ఇద్దరే పూజ్యులు. ట్రోఫీ ఆ సంవత్సరం తూర్పు జర్మనీకే దక్కినది. త్షోపావు పట్టణంలో తయారైన ఎం.జెడ్. బండ్ల మీద వారు 1963 మొదలు 1967 వరకు ఏటా గెలిచినారు. సొంత ఊళ్ళో చేసిన చిన్న ఇంజన్లతో అంతటి విజయపరంపర సాధించడం సామాన్య విషయం కాదు.

ఆ తరువాత అమెరికావారి పక్షాన మాల్కం స్మిత్ అనే మహా రైడరు బయలుదేరినాడు. 1970లో స్పెయిన్‌లోని ఎల్ ఎస్కోరియల్‌లో ఆయన ప్రయాణాన్ని మరుసటి ఏట వచ్చిన ‘ఆన్ ఎనీ సండే’ అనే చిత్రంలో ఇప్పటికీ చూడవచ్చు. 1973లో పోటీ మొదటిమారు అమెరికా గడ్డ మీద, మాసచూసెట్స్ రాష్ట్రంలోని డాల్టన్ అనే చిన్న పట్టణంలో జరిగినప్పుడు, స్మిత్‌తో పాటు డిక్ బర్ల్‌సన్, రాన్ బోన్, ఎడ్ ష్మిట్ స్వీడన్ దేశపు హుస్క్వర్నా బండ్ల మీద సిల్వర్ వేస్ గెలిచినారు. ట్రోఫీ మాత్రం చెకోస్లొవేకియాకు పోయినది.

ఆపైన నిరీక్షణ. దశాబ్దాల నిరీక్షణ. అమెరికాలో శూరులైన రైడర్లకు లోటు లేదు. కాని ఆరుగురూ ఆరు దినాలూ ఏకరీతిగా నిలవడం కుదరలేదు. 2015లో రయన్ సైప్స్ అనే అమెరికను మొట్టమొదటిసారిగా వ్యక్తిగత ప్రథమ స్థానం గెలిచినాడు. అంటే ముందున్న వాడు వారికి దొరికినాడన్నమాట. ఐనా ఆ ఏడు కూడా వరల్డ్ ట్రోఫీ వారిది కాలేదు. చూశారా, నేను మొదట అన్న మాట ఎంత నిజమో! మరుసటి సంవత్సరం, 2016లో, స్పెయిన్‌లోని నవార్రా ప్రాంతంలో, టేలర్ రాబర్ట్, కైలబ్ రసెల్, థాడ్ డువాల్, లేన్ మైకేల్ అనే నలుగురు కలిసి వరల్డ్ ట్రోఫీని మొదటిసారి అమెరికాకు తెచ్చినారు. వ్యక్తిగత ప్రథముడు రాబర్ట్. కాని మూడవవాడూ నాలుగవవాడూ నిలబడకపోతే ఆ ప్రథమ స్థానం జట్టుకు ఏమి చేయగలదు? ఎర్ఫుర్ట్ నుంచి నవార్రాకు 52 సంవత్సరాలు. 2019లో పోర్చుగల్‌లో మళ్ళీ గెలిచినారు. ఆ ఏడు వారి మహిళల జట్టు కూడా గెలిచినది.

మహిళల మాట వచ్చినది కాబట్టి ఒక సంగతి. వారికి ప్రత్యేకంగా ట్రోఫీ 2007లో, చిలీ దేశంలో పోటీ జరిగినప్పుడు మొదలైనది. 2013 మొదలు వరుసగా కొన్నేండ్లు టేలా జోన్స్, జెస్ గార్డినర్ మొదలైన ఆస్ట్రేలియా వనితలు దానిని ఎవరికీ వదలలేదు. ఐతే ఆ ట్రోఫీ మొదలుకావడానికి 80 ఏండ్లు ముందే, 1927లో, మార్జొరీ కాటిల్, ఎడిత్ ఫోలీ, లూయీ మెక్లీన్ అనే ముగ్గురు బ్రిటిష్ స్త్రీలు, పురుషుల జట్లన్నిటినీ దాటి సిల్వర్ వేస్ గెలిచినారు. ఆనాటి బండ్ల బరువూ, ఆనాటి దారులూ తలచుకొంటే ఆ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరించవలెనని తోస్తుంది.

మన శ్రోతలకు ఈ చరిత్రతో సంబంధమేమి అని ఎవరైనా అడుగవచ్చు. ఉన్నది. మన ఊళ్ళలో బుల్లెట్టు చప్పుడు విననివారుండరు. ఆ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు యుద్ధానంతరం, వెనుక చక్రానికి ఊగే చేతి మీద స్ప్రింగులు అమర్చిన కొత్త రూపంలో, 1948లో ఇటలీలోని సాన్ రెమోలో ఈ ఆరు దినాల పోటీలోనే తన సత్తా చూపినది. చార్లీ రోజర్స్, విక్ బ్రిటెన్ అనే ఇద్దరు రైడర్లు ఆ బండ్ల మీద బంగారు పతకాలు గెలిచినారు. ట్రోఫీ గెలిచిన బ్రిటిష్ జట్టులో వారు సభ్యులు. కొద్ది సంవత్సరాలకు భారత సైన్యం సరిహద్దుల కాపలాకు ఆ బండినే కోరినది. 1955లో మద్రాసులో దాని తయారీ ఆరంభమైనది. అలాగే 1960 దశాబ్దిలో మైసూరులో తయారైన జావా, ఈ పోటీలో ట్రోఫీని ఎన్నో పర్యాయాలు ఎగురవేసుకుపోయిన చెకోస్లొవేకియావారి బండి. గతుకుల దారి మీద ధాన్యం బస్తాను వెనుక కట్టుకొని పోయిన మన రైతు, తనకు తెలియకనే, ఈ ఆరు దినాల పరీక్షలో నెగ్గిన నిర్మాణ కౌశలాన్ని అనుభవించినాడు.

ఇప్పుడు ఆచరణలోనికి వద్దాము. ఈ పోటీని మీరు ఎట్లా అనుసరించవలె?

అక్కడికి స్వయంగా వెళ్ళగలిగినవారికి నా సలహా: ఎత్తైన గట్టు మీదినుంచి బండ్లు గాలిలోకి లేచే చోటికి అందరూ పోతారు. ఒక పూట మీరూ పొండి, అందమైన దృశ్యమే. తక్కిన కాలం టైమ్ చెక్ దగ్గర గడపండి. మీ జట్టులోని నలుగురి సంఖ్యలూ, వారు రావలసిన నిమిషాలూ ఒక కాగితం మీద వ్రాసుకొనండి. మొదటివాడు వస్తాడు, రెండవవాడు వస్తాడు, మూడవవాడు కూడా వస్తాడు. నాలుగవవాడి నిమిషం దగ్గరపడుతున్నది. అడవి అంచు వైపు అందరి చూపులూ. ఆ ఒక్క నిమిషంలో జట్టంటే ఏమిటో మీకు తెలిసినంత బాగా ఏ పుస్తకమూ చెప్పజాలదు.

ఇంట్లో కూర్చుండి అనుసరించేవారికి కూడా మార్గమున్నది. ఏ టెస్టులో ఎవరి కాలమెంతో నేడు దినదినమూ ప్రకటిస్తారు. మొదటి నాటి మొదటి పేరు చూసి నిర్ణయానికి రాకండి. మీ జట్టులో చివరివాడి స్థానం తీసుకొనండి. అది మొదటి నాడు ఎంత, రెండవ నాడు ఎంత, మూడవ నాడు ఎంత? ఆ స్థానం నిలకడగా ఉంటే జట్టు ఆరోగ్యంగా ఉన్నదన్నమాట. మూడు నాలుగు దినాలకు అలసట ఎముకలకు పాకుతుంది. అప్పుడే బండి కూడా మొరాయిస్తుంది. జట్లు తారుమారయ్యేది అప్పుడే. ఆరవ నాడు మోటోక్రాస్ పరుగుతో ముగుస్తుంది. అది కంటికి ఇంపుగా ఉంటుంది గాని, అప్పటికి జట్ల సంగతి చాలవరకు తేలిపోయి ఉంటుంది.

పతకాల విషయం కూడా తెలిసి ఉండడం మంచిది. ఇక్కడ బంగారు పతకం ఒక్కడికి పోదు. తన తరగతిలో ప్రథముని కాలానికి నూటికి పది వంతుల లోపల చేరినవారందరికీ బంగారం; నలభై వంతుల లోపలివారికి వెండి; ఆరు దినాలూ ముగించిన ప్రతివారికీ కంచు. ఆ కంచు పతకాన్ని తక్కువగా చూసేవారు ఈ క్రీడను ఎరుగనివారు. క్లబ్బుల తరఫున వచ్చే సామాన్య రైడర్లు, ఏడాది పొడుగునా వేరే ఉద్యోగం చేసుకొని బ్రతికేవారు, ఆ కంచు కోసమే వస్తారు. ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన జెఫ్ ఫ్రెడెట్ అనే ఆయన ముప్పైకి మించిన పర్యాయాలు ఈ ఆరు దినాలను పూర్తిచేసినాడు. ఆయన జీవితంలో దాదాపు ఒక సంవత్సరంలో సగకాలం ఈ పోటీలోనే గడిచినదన్నమాట.

చివరగా ఒక హెచ్చరిక. ఆరవ నాటి సాయంకాలం జెండాలు ఊగుతాయి, పాటలు పాడుతారు. మీరు మాత్రం కాస్త ఆగండి. ఫలితాల జాబితా ప్రకటించి, ఫిర్యాదులకు ఇచ్చే గడువు తీరేదాకా బండ్లు ఇంకా ఆవరణలోనే ఉంటాయి. 2015లో స్లొవేకియాలోని కోషిత్సెలో ఇటువంటి ఫిర్యాదే లేచినది. కొన్ని జట్ల రైడర్లు దారిలో ఒక తనిఖీ స్థలాన్ని తప్పిపోయినారు. వారిని తొలగించడం న్యాయమా కాదా అని వివాదం పుట్టినది. మైదానంలో తేలలేదు, అప్పీళ్ళ మీద అప్పీళ్ళు నడిచి, క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా పోయి, నెలలు గడిచిన తరువాత వరల్డ్ ట్రోఫీ ఆస్ట్రేలియాకు దక్కినది. ఆ దేశం దానిని గెలవడం అదే మొదటిసారి. వారి జూనియర్ జట్టు, మహిళల జట్టు కూడా అదే ఏట గెలిచినవి. ఆ నెలలన్నీ ఆస్ట్రేలియా అభిమానులు చేయగలిగినది ఒక్కటే: తమ రైడర్లు ఏ కేంద్రంలో ఏ నిమిషానికి చీటీ మీద ముద్ర వేయించుకొన్నారో ఆ కాగితాలు భద్రపరచుకొని వేచి ఉండడం. మీరు కూడా మీ కాగితాన్ని పారవేయకండి.